తియ్యాల్నా, ఉంచాల్నా

మొన్న మా మేడం కారులో పెట్టుకోవడానికి కొత్త వస్తువొకటి కొనుక్కొచ్చింది. చార్జింగు వైరు గుచ్చి, గ్లాసు పెట్టుకునే గుంటలో నిలబెట్టాలి. లోపల ఊదు చెక్క ముక్క వేసి మీట నొక్కితే నీలం దీపం వెలుగుతుంది, కారంతా ఘుమఘుమలాడిపోతుంది. అట్టపెట్టె మీద అలాగే బొమ్మ వేసుంది. మదీనత్ ఖలీఫాలో బయల్దేరి మెసైమీర్ సిగ్నల్ దగ్గరికొచ్చేసరికి నా ముక్కు గోల పెట్టింది. చెక్క మాడుతోంది. వెనకసీట్లో మేడం కళ్ళు మూసుకుని "జైన్, జైన్" అంటోంది. బాగుంది, బాగుంది అని. నేను ఆగలేక అద్దం దించాను. బయట ఆగస్టు. దోహాలో ఆగస్టు వస్తే నీడ కూడా నీడ కోసం వెతుక్కుంటుందని మా ఊళ్ళో చెబితే అబద్ధమనుకుంటారు. మేడం అద్దం ఎత్తమంది. ఎత్తాను. మిగతా దారంతా అడుగంటిన పాయసం గిన్నెలో తల దూర్చుకుని బండి నడిపాను.

ఒకప్పుడు నాకీ బాధ లేదు. ఊదుకీ ఊకపొగకీ తేడా తెలియని ముక్కు నాది, చల్లగా బతికేది. దాన్ని పాడుచేసింది ఒకే ఒక మనిషి. ఆయన తన ఊళ్ళో పోయి ఏడాదవుతోంది. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు గానీ, తిట్టుకోకుండా ఆయన గురించి చెప్పడం నావల్ల కాదు.

జగిత్యాల వైపు మనిషి. మేమంతా కాకా అనేవాళ్ళం. మేం అనగా అనగా ఇంటివాళ్ళకీ కాకాయే అయిపోయాడు. నేను ఈ ఇంటికి డ్రైవరుగా వచ్చేసరికే ఆయన మజ్లిస్‌లో, అంటే మగ అతిథులు కూర్చునే పెద్ద గదిలో, పాతుకుపోయి ఉన్నాడు. గావా అనే అరబ్బు కాఫీ పొయ్యడం, ఖర్జూరం పెట్టడం, చివర్న ఊదు వెయ్యడం ఆయన డ్యూటీ. గావా ఎవడైనా పోస్తాడు. ఊదు సంగతి వేరు. అది అగరు చెక్క, లోపల నూనె పట్టి నల్లబడిన ముక్క. బంగారం కొట్లో లాగా తూకం వేసి అమ్ముతారు. దాన్ని నిప్పు మీద పెట్టి అతిథుల ముందుకు తెస్తే, వాళ్ళు ఆ పరిమళాన్ని దోసిటితో గడ్డాల్లోకి, తలగుడ్డల్లోకి తోసుకుని, దీవించి లేస్తారు. ఊదు తిరిగాక కూర్చోవడం లేదని ఇక్కడి మాట. అంటే మర్యాద మొత్తం ఆ ఆఖరి ముక్క మీదే ఉంటుంది. అది మాడితే, పెట్టిన మేకమాంసం కూడా మాడినట్టే గుర్తుంటుంది వచ్చినవాళ్ళకి.

"కాలితె పొగ, వేడయితె పరిమళం" అనేవాడు కాకా. "రెంటికి నడుమ సందు ఆవగింజంత. గా సందులనే మనం బతకాలె తమ్మీ."

సందు ఆవగింజంతే గానీ దానికోసం ఆయన చేసే తతంగం ఏనుగంత. బజార్లో అగ్గిపుల్లకే అంటుకునే బిళ్ళబొగ్గు దొరుకుతుంది. ఆయనకది పనికిరాదు, మందు వాసనట. కర్రబొగ్గే కావాలి. దాన్ని జాలీ మీద పెట్టి, ఎర్రగా అయ్యాక కూడా ఆగి, ఒళ్ళంతా తెల్లటి బూడిద కప్పుకునేదాకా చూస్తూ నిలబడేవాడు. వంటింట్లో ఏసీ ఆపేసేవాడు. ఏసీ గాలి బొగ్గును రెచ్చగొడుతుందట. బొగ్గు సుఖంగా ఉండేది, మేం ఉడికిపోయేవాళ్ళం. ధూపం పాత్రలో బూడిద పరుపు పరిచి, దాంట్లో బొగ్గును మెడదాకా పూడ్చి, ఎడమచేతి వెనకవైపును మూడుసార్లు దాని మీదుగా తిప్పేవాడు. ఆ చేతి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. అప్పుడు, గోరంత చెక్కముక్కను పట్టకారుతో తెచ్చి, బొగ్గు నెత్తిన కాదు, పక్కన ఆనించేవాడు. అంచుల్లో నూనె సన్నగా బుడగ కట్టాలి. కడితే తిప్పాలి. నల్లబడకముందే తీసెయ్యాలి.

వచ్చిన కొత్తలో సాయం చేద్దామని వంగి ఆ బొగ్గు మీద ఉఫ్‌మని ఊదాను. బూడిదంతా లేచి ఆయన తెల్లకోటు మీద పడింది. ఆయన కోప్పడలేదు. కోటు దులుపుకుని, "నోటితోని ఊదొద్దు. నువ్వు పొద్దుగాల తిన్న ఉల్లిగడ్డ బాబా ముక్కుల పోయి కూసుంటది" అన్నాడు.

బాబా అంటే ఇంటి పెద్దాయన. ఎనభై దాటాయి. కాళ్ళు పనిచెయ్యవు, ముక్కు మాత్రం వేటకుక్కది. ఆయనకి కాకా ఊదు లేనిదే సాయంత్రం కాదు.

కాకాతో నాకు మొదటి ఇబ్బంది కథల దగ్గర వచ్చింది. నేను కథ చెబితే ఊరికి అవతల అబూ హమూర్ రూముల్లో మా గోదావరివాళ్ళు అన్నం చల్లారిపోతున్నా కదిలేవాళ్ళు కాదు. ఈయన దగ్గర ఒక్క కథ నిలబడేది కాదు. నర్సాపురం కాలవలో రొయ్య ఒకటి మా బాబాయి సైకిల్ని లాక్కుపోయిందని చెప్పానొకసారి. కాకా గిన్నె తోముతూ అంతా విన్నాడు.

"సైకిల్ కు స్టాండ్ ఏసి ఉండెనా?"

"వేసే ఉంది కాకా."

"ఎనక స్టాండా, పక్క స్టాండా?"

"పక్కది."

"అయితె లాగచ్చు" అని గిన్నె బోర్లించాడు. నవ్వలేదు. నమ్మాడో లేదో కూడా తెలియదు. కథ చెప్పినవాడికి ఇంతకంటే అవమానం లేదు.

కరోనా జ్వరాలు తగ్గాక మొదలైంది అసలు బాధ. అంతవరకూ ఊదు వేసేటప్పుడు ఆయన ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఉన్నట్టుండి ప్రతిసారీ నన్ను పిలవడం మొదలెట్టాడు. "తమ్మీ, జర ఇట్ల రా." బండి కడుగుతుంటే పిలుపు. అన్నంలో చెయ్యి పెడితే పిలుపు. తలకి సబ్బు రాసుకుని ఉంటే బాత్రూం తలుపు అవతల నుంచి ధూపం పాత్ర లోపలికి తోసి, "ఒక్కసారి చూడు" అంటాడు. చూస్తే ఒకటే ప్రశ్న.

"తియ్యాల్నా, ఉంచాల్నా?"

"బ్రహ్మాండంగా ఉంది కాకా. ఇంద్రుడి సభలో కూడా..."

"కథ వద్దు. తియ్యాల్నా, ఉంచాల్నా?"

మొదట్లో నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. ఒకరోజు ఉంచమన్నాను, అది మాడింది. బాబా దగ్గాడు. ఇంటి పెద్దకొడుకు వంటింట్లోకొచ్చి, కాకా ముందు నిలబడి, పెద్దగా అరవకుండానే అన్నాడు: "అందరి ఇళ్ళలో కరెంటు మిషన్లు వచ్చాయి. నాన్న కోసం ఊరుకుంటున్నాను. ఇంకొక్కసారి మజ్లిస్‌లో మాడు వాసన వచ్చిందా, మిషన్ లోపలికి, నువ్వు ఊరికి. ఖలాస్."

కాకా తలూపాడు. తప్పు నాదని ఒక్కమాట అనలేదు. ఆ రోజునుంచి నేను వాసన చూడటం నేర్చుకున్నాను, వేరే దారిలేక. ఎక్కడ తీపి మొదలవుతుందో, ఎక్కడ చేదు తొంగిచూస్తుందో రెండేళ్ళలో ముక్కుకి పట్టుబడింది. అదే ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. పెళ్ళి భోజనాలకి వెళితే పులిహోరలో ఇంగువ మాడిందని అక్కడే తెలిసిపోతుంది. ఊరెళ్ళినప్పుడు మా ఆవిడతో పోపు మాడిందన్నాను. రెండ్రోజులు మాట్లాడలేదు.

ముప్ఫై ఏళ్ళుగా నిప్పుతో బతుకుతున్న మనిషి, ప్రతిసారీ ఒక డ్రైవర్ని ఎందుకు పిలుస్తాడని నేను ఆలోచించలేదు. పెద్దతనం చాదస్తం అనుకున్నాను. నన్ను ఏడిపించడానికే అనుకున్న రోజులూ ఉన్నాయి.

ఇంటి పెద్దమనవరాలిని చూసుకోవడానికి మగపెళ్ళివారి పెద్దలు వస్తామన్నది ఒక శుక్రవారం. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వస్తారు, చీకటిపడేలోగా మాట తేల్చుకుని లేస్తారు. పొద్దున్నే బాబా తన తాళాల డబ్బా తెరిపించి, తండ్రినాటి ఊదు ముక్క ఒకటి తీసి కాకా చేతిలో పెట్టాడు. ఒకటే. ఇంకోటి లేదు. పెద్దకొడుకు పక్కనే నిలబడి చూశాడు. అంతే, చూశాడు.

అదే రోజు అబూ హమూర్ నుంచి మావాళ్ళు నాకు రొయ్యల బిర్యానీ పంపారు. పెద్ద గిన్నె. ఇలాంటి రోజున కాకా నన్ను పదిసార్లు పిలుస్తాడని నాకు తెలుసు. బిర్యానీకీ నాకూ మధ్య ఆయన్ని రానివ్వకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను.

"కాకా, నాకు జలుబు. ముక్కు దిబ్బడేసింది. గులాబీకీ పేడకీ తేడా తెలియట్లేదు" అన్నాను.

నేనాడిన అబద్ధాలన్నీ పెద్దపెద్దవి, ఎవడికీ హాని లేనివి. చిన్న అబద్ధం ఆడింది ఆ ఒక్కసారే.

కాకా పొయ్యి ముట్టించాడు. తర్వాత పెనం పెట్టి, గుప్పెడు వాము పోసి, సన్నమంట మీద చేత్తోనే తిప్పుతూ వేడిచేశాడు. మాడకుండా. గుడ్డలో మూట కట్టి, "పట్టుకోని గుంజు. గట్టిగ కాదు, నిదానంగ. పొద్దుగూకెవరకు తెరుసుకోవాలె" అన్నాడు. నేను మూట పట్టుకుని గదికి పోయి, దాన్ని కిటికీలో పెట్టి, బిర్యానీ తిన్నాను.

అతిథులు వచ్చారు. కార్లు సర్దించి మళ్ళీ గదికొచ్చి రెండో విడత మొదలెట్టాను. తలుపు దగ్గర కాకా. ఆయన ఎన్నడూ నా గదికి రాలేదు. చేతుల్లో ధూపం పాత్ర, బొగ్గు పండి ఉంది. ముక్క ఇంకా పెట్టలేదు, కోటు జేబులో డబ్బీలో ఉంది.

"ముక్కు జర తెరుసుకున్నదా?"

"లేదు కాకా" అన్నాను, నోట్లో రొయ్యతో.

ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. అదీ ఎన్నడూ చూడలేదు. డ్యూటీలో ఆయన కూర్చోడు.

"నాది రెండేండ్ల సంది లేదు తమ్మీ" అన్నాడు.

"ఏది?"

"ముక్కు. జొరం వచ్చి పోయింది గద, దానెంబడే అదీ పోయింది. వస్తది వస్తది అన్నరు. రాలే. యాలక్కాయ తెల్వదు, అత్తరు తెల్వదు. పొయ్యి మీద గ్యాస్ ఇడిసిపెట్టినా తెల్వదు. చెయ్యితోని, కండ్లతోని వేడి చూస్తున్న. ఆఖరు గడియ నీతోని చూపిస్తున్న. ఇయ్యాల నీది గూడ పాయె. ఒక్కటే ముక్క ఇచ్చిండు బాబా."

రెండేళ్ళ పిలుపులన్నీ ఒక్కసారి నా నెత్తిన పడ్డాయి, సబ్బునురగ రోజుతో సహా. చెయ్యి కడుక్కుని లేచాను.

"కాకా, నాకు జలుబు లేదండీ. అబద్ధం ఆడాను. పదండి, నేను చూస్తాను."

ఆయన కదల్లేదు. "ఏది అబద్ధం? పొద్దుగాలదా, ఇప్పటిదా?"

"పొద్దుటిది. ఒట్టు."

"నీ ఒట్లు నాకెరుకే. నా మీద దయ తలిచి అంటున్నవ్. ఉట్టి ముక్కుతోని బాగుందంటవ్, లోపల నా ఇజ్జత్ కాలుతది."

"అయ్యో కాకా, నిజంగా వస్తోంది వాసన. చెప్పనా? కిటికీలో వాము."

"వాము నేనే ఇస్తి."

"మీ జేబులో లవంగాలు."

"రోజు ఉంటయి."

"మీ కోటు సరిగ్గా ఆరలేదు, తడి కంపు."

"మరక కనపడుతనే ఉన్నది."

ఇలాంటి మనిషితో ఎవడు వేగుతాడండీ? జీవితంలో మొదటిసారి నిజం చెబితే, దానికి స్టాండ్ ఉందా లేదా అని చూస్తున్నాడు. అవతల మజ్లిస్ తలుపు తెరుచుకుంది. పెద్దకొడుకు బయటికొచ్చి, ముహూర్తం మాట అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపి, "యల్లా కాకా" అన్నాడు. ఇక ఆగడానికి లేదు.

వంటింట్లో ఏసీ ఆపాం. ఆయన చెయ్యి మూడుసార్లు తిప్పి ముక్కను ఆనించాడు. నేను పాత్ర మీదికి వంగాను. ఆయన పాత్రను చూడటం లేదు, నా మొహాన్ని చూస్తున్నాడు, అబద్ధం ఎక్కడ మొదలవుతుందా అని. అంచుల్లో నూనె మెరిసింది. బుడగ కట్టింది. పరిమళం లేచింది. రెండేళ్ళుగా చూసినవన్నీ దీని ముందు అగరొత్తులు.

"తిప్పండి" అన్నాను. తిప్పాడు.

"తియ్యాల్నా, ఉంచాల్నా?"

"ఇలాగే తీసుకెళ్ళండి. ఇప్పుడే. బొగ్గుకి కాస్త దూరం జరిపి నడవండి."

ఆయన నమ్మలేదు. ఆ సంగతి ఆయన మెడ చెప్పింది. ముక్కను ఒక గింజంత దూరం జరిపి, పాత్ర ఎత్తుకుని వెళ్ళాడు. నేను తలుపు సందులో నిలబడ్డాను.

పద్ధతి ప్రకారం ఊదు ముందు అతిథుల్లో పెద్దాయన దగ్గరికి పోవాలి. పిల్లాడి తాత చెయ్యి కూడా చాపాడు. కాకా ఆయన్ని దాటేశాడు. గది మొత్తం ఆగిపోయింది. పెద్దకొడుకు మొహంలో కరెంటు మిషన్ నాకు స్పష్టంగా కనిపించింది. కాకా నడిచి నడిచి బాబా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాత్రను ఆయన గడ్డం కిందికి ఎత్తిపట్టాడు. నమ్మదగిన ముక్కు ఆ ఇంట్లో అదొక్కటే మిగిలిందని ఆయన లెక్క.

బాబా ఒక్కసారి పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళు తెరవడానికి ఎంతసేపు పట్టిందంటే, ఈలోగా నేను టికెట్ కొని కాకాని ఎయిర్‌పోర్టులో దింపి తిరిగొచ్చేశాను మనసులో. తర్వాత ఆయన వణికే రెండు చేతులతో పాత్రను తనే పుచ్చుకుని, కుర్చీలోంచి ముందుకు వంగి, పిల్లాడి తాతకి స్వయంగా అందించాడు. ఇంటి పెద్ద తన చేత్తో ఊదు పట్టడం అంటే అంతకు మించిన గౌరవం లేదు. ఆ తాత సగం లేచి నిలబడి అందుకున్నాడు. పాత్ర గదంతా తిరిగింది. గడ్డాలు, తలగుడ్డలు, చేతులు. ఎవరో నెమ్మదిగా దీవెన చదివారు. అందరూ లేచారు.

పెద్దకొడుకు అతిథుల్ని కార్లదాకా సాగనంపి, వస్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. ఏమీ అనలేదు, వెళ్ళిపోయాడు. ఏమీ అనకపోవడమే ఆ ఇంట్లో ఉద్యోగం ఉన్నట్టు.

కాకా గావా కప్పులు కడుగుతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని, ఏసీ వేసుకుని, చెమట ఆరబెట్టుకుంటున్నాను. పంపు నీళ్ళ చప్పుడులోంచి పిలిచాడు.

"తమ్మీ."

"చెప్పండి కాకా."

"ఎట్లుండె?"

"ఏది?"

"గదే. వాసన. బాబా తండ్రినాటి ముక్క. ముప్ఫై ఏండ్లల ఒక్కసారి ముట్టిన దాన్ని. ఎట్లుండె చెప్పు. మొత్తం చెప్పు. ఎక్వ చెయ్యకు."

ఎక్కువ చెయ్యకుండా చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నోటిదాకా వచ్చిన ఇంద్రసభను రెండుసార్లు మింగాను. మొదట ఎండకి కాగిన పాత తలుపు లాగా ఉందని చెప్పాను. తర్వాత తేనెపట్టు, కానీ తేనె కాదు, ఆ మైనం. ఆ తర్వాత బెల్లం పాకం తీగ సాగబోయే వేళ. అది మజ్లిస్ తలుపు దాటేదాకా అలాగే నిలబడిందని, ఆ తర్వాత బాగా నానిన వేపచెక్క లాగా కొంచెం చేదు వచ్చి, వెంటనే పోయిందని, ఆఖర్న ఏమీ లేని చల్లదనం మిగిలిందని చెప్పాను.

కాకా చేతిలో కప్పు అలాగే ఉంది. కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక్క ప్రశ్న అడ్డం వెయ్యలేదు. నా బతుకులో నన్ను అలా విన్నవాడు లేడు.

ఆయన పంపు కట్టేసి, కోటుకి చేతులు తుడుచుకున్నాడు.

"నడుమల చేదు వచ్చెనన్నవ్?"

"కొంచెం. ఒక్క క్షణం."

"ఎంత కొంచెం?"

"చెప్పాను కదా కాకా, అలా వచ్చి ఇలా పోయింది."

"అంటె నిప్పు ముట్టుకున్నది. అర నిమిషం ముందే తియ్యాల్సి ఉండె" అన్నాడు కాకా. "తలుపు కాడనే నిలవడ్డవ్, ముక్కు మంచిగున్నది. చెప్పకపోతివేందయ్య?"